దీవిలో బోణీ

మొన్న పొద్దున్నే బెంజి సర్కిల్ దగ్గర తోపుడు బండి మీద జామకాయలు కొన్నాను. అందరిలాగే నేనూ ఫోను చూపించి డబ్బు కట్టాను. బండికి వేలాడుతున్న చిన్న డబ్బా, డబ్బు అందిందని వీధి మొత్తానికి చాటింపు వేసింది. బండి అతను ఆ డబ్బా వంక ఒక్క క్షణం అయోమయంగా చూశాడు. నోటు చేతికిచ్చి ఉంటే కళ్ళకద్దుకునేవాడు. ఇప్పుడేం అద్దుకోవాలి పాపం? చివరికి ఆ డబ్బానే రెండు చేతులతో ముట్టుకుని, ఆ చేతులు కళ్ళకద్దుకుని, "బోణీ అండి. మీ చేతి చలవ వల్ల ఇవాళ బండి ఖాళీ అయిపోవాల" అన్నాడు. నాకు మా వదిన గుర్తొచ్చింది. వదిన వెనకాలే ఒక ఓడ, ఒక పచ్చటి దీవి, అక్కడ వాన వెలిసిన సాయంత్రం అన్నీ వరసగా గుర్తొచ్చాయి. నేను కదలకుండా నిలబడి నవ్వుకుంటుంటే అతనికి ఇంకోలా అర్థమైనట్టుంది. "ఇంకో అరకిలో వెయ్యమంటారాండి?" అన్నాడు. వెయ్యమన్నాను.

వదినంటే మా వారి అక్కగారు. ఆటోనగర్‌లో లారీలకు వేసే రంగులు, లారీల అలంకరణ సామాను అమ్మే కొట్టు ఆవిడది. బంపరుకు కట్టే నల్ల దిష్టి తాళ్ళు, అద్దానికి వేలాడదీసే ఎరుపూ నలుపూ కలిసిన ఊలు కుచ్చులు, క్యాబిన్‌లో దేవుడి పటం చుట్టూ వేసే మెరుపుల దండలు ఆ కొట్టు నిండా వేలాడుతుండేవి. పక్కన రేకు సాగగొట్టే సుత్తుల మోత, ఎదురుగా వెల్డింగు నిప్పురవ్వలు, వీటన్నిటి మీదా రంగుల్లో కలిపే తిన్నరు వాసన. మైలవరంలో మాకూ చిన్న రంగుల కొట్టుంది కాబట్టి ఆ వాసన నాకు కొత్త కాదు గానీ, ఆటోనగర్‌లో గంట కూర్చుంటే తల దిమ్మెక్కేది. వదినకు మాత్రం ఆ వాసన లేకపోతే తలనొప్పి వచ్చేది. ఆవిడ భర్తను నేను అన్నయ్యగారూ అనేదాన్ని. ఆయన సొంత లారీ నడిపేవారు. తొంభైల మొదట్లో నడుం విరిగి, లారీ అమ్మేసి, ఆ కొట్టు పెట్టుకున్నారు. తీరా పెట్టాక ఆయనకు కుర్చీలో అరగంట కూర్చుంటే నొప్పి. దాంతో వదిన వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. ఆ రోజుల్లో ఆటోనగర్‌లో ఆ వరస మొత్తానికీ గల్లాపెట్టె ముందు కూర్చున్న ఆడమనిషి ఆవిడొక్కతే.

ఎదురు కొట్టు పెద్దాయనదీ రంగుల వ్యాపారమే. ఆ వరసకంతటికీ ఆయన మాటే మాట. చెడ్డవాడంటే నేనొప్పుకోను. అన్నయ్యగారికి దెబ్బ తగిలినప్పుడు పరుగున ఆస్పత్రిలో చేర్చింది ఆయనే. పొద్దున్నే వరసలో అందరికీ టీ పోయించేది ఆయనే. కానీ ఆయనకు శకునాల పిచ్చి. పిల్లి ఎదురొస్తే కొట్టు తాళం తీసేవాడు కాదు. వదిన కొట్లో కూర్చున్న మొదటి రోజు పొద్దున ఒక డ్రైవరు మెట్టెక్కబోతుంటే, పెద్దాయన టీ గ్లాసుతో అవతల నుంచే కేకేశాడట. "ఒరే, పొద్దున్నే ఆడకూతురి చేతి సామాను కడితే బండి పొలిమేర దాటదురా!" డ్రైవరు మెట్టు దిగి పోయాడు. మాట ఆ వరసంతా పాకింది. దీపాలు పెట్టేవేళ దాకా ఒక్క తాడు అమ్ముడుపోలేదు. ఆ రాత్రి వదిన అన్నం ముందు కూర్చుని, "రేపట్నుంచి నా చేత్తో బోణీ కాని రోజుండదు. దీపాలు పెట్టేలోగా అయి తీరాల్సిందే. అలాంటి రోజుంటే నన్ను అడగండి" అని ఒట్టు పెట్టుకుంది. మర్నాడు రోడ్డు మీద నిలబడి పాలు పోసే సైకిలతనికి ఒక కుచ్చు అమ్మింది. సైకిలుకు కుచ్చెందుకని అతనడిగితే, పాలకు దిష్టి తగలదా అందట.

అప్పటినుంచి ఆ ఒట్టు ఆవిడకు ఒంటికి పట్టిన అలవాటైపోయింది. దానికి తిరుగులేని నియమాలు కూడా ఉండేవి. ఇంటివాళ్ళు కొంటే బోణీ కాదు. అప్పిస్తే బోణీ కాదు. ఊరికే ఇస్తే అసలే కాదు, రొక్కం చేతిలో పడాలి. కొట్టుకు సెలవైన రోజు సంచిలో రెండు కుచ్చులు వేసుకుని బందరు రోడ్డు మీద ఆటోలు ఆపేది. కూతురి పెళ్ళినాడు మంగళస్నానాల హడావుడిలో పెళ్ళికూతురి తల్లి కనపడ్డం లేదని అందరం వెతుక్కుంటుంటే, మగపెళ్ళివారి బస్సు దగ్గర డ్రైవరుతో బేరమాడుతూ దొరికింది. వియ్యపురాలు మొహం ముడుచుకుంది. వదినకది పట్టనే లేదు. ఇన్నేళ్ళయినా పెద్దాయన మాత్రం, బయటికి నవ్వుతూ మాట్లాడుతూనే, పొద్దుటి పూట ఆవిడ కొట్టు మెట్టెక్కలేదు. చిల్లర కావాల్సొస్తే మూడు కొట్లవతలకి పంపేవాడు గానీ ఆవిడనడిగేవాడు కాదు. వ్యాపారం పెరిగింది, పేరొచ్చింది, కూతురి పెళ్ళయింది. ఆ ఒక్క ముల్లు మాత్రం ఆవిడ కాల్లో అలాగే ఉండిపోయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రంగుల కంపెనీ వాళ్ళు, సరుకు బాగా తీసిన డీలర్లను జంటలుగా సింగపూరు తీసుకెళ్ళి అక్కణ్ణుంచి ఓడెక్కిస్తామన్నారు. మా జిల్లాలో వెళ్ళినవాళ్ళలో మేమిద్దరం, వదినా అన్నయ్యగారూ, భార్య పోయి ఒంటరిగా ఉన్న పెద్దాయనా ఉన్నాం. వదిన ముందు రానంది. కొట్టు అల్లుడికి అప్పజెప్పాల్సొస్తుందని కాదు, బోణీ తప్పుతుందని. అన్నయ్యగారే, "సముద్రం మీద మాత్రం మనుషులుండరా" అని ఒప్పించారు. ఆవిడ పెట్టెలో గోంగూర పచ్చడి, జంతికలు పోగా మిగిలిన చోటంతా ఊలు కుచ్చులే. మద్రాసు విమానాశ్రయంలో పెట్టె తెరిపించిన ఆఫీసరు ఒక కుచ్చు పైకెత్తి, ఇదేమిటని అడిగి, జవాబు విని, దాన్ని మహా జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టాడు. డీలర్లకు మెడలో వేసుకోమని కార్డులిచ్చారు. వదిన కార్డు మీద డీలర్ అనీ, అన్నయ్యగారి కార్డు మీద స్పౌజ్ అనీ ఉంది. "చెల్లెమ్మా, ఈ మాటకర్థం ఏంటమ్మా?" అని అడిగారాయన. భార్య అనీ చెప్పుకోవచ్చు, భర్త అనీ చెప్పుకోవచ్చన్నాను. "అయితే ఇబ్బంది లేదు" అని చొక్కా మీదికి కనపడేలా సర్దుకున్నారు.

ఓడెక్కిన రోజు బోణీకి లోటు రాలేదు. రేవుకు తీసుకొచ్చిన బస్సు డ్రైవరు తంజావూరు వాడు. కుచ్చు చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు కొనేసుకున్నాడు. ఇక ఓడ సంగతి చెప్పాలంటే, అది ఓడలా లేదు, నీళ్ళ మీద తేలే కల్యాణమండపంలా ఉంది. ఎటు చూసినా దీపాలు, తివాచీలు, ఎప్పుడు పడితే అప్పుడు తిండి. ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర మా తెలుగువాళ్ళందరం కూర్చున్నాం. పెద్దాయన పెరుగన్నం కలుపుకుంటూ మొదలుపెట్టాడు.

"అమ్మాయ్, రేపెక్కడ బోణీ? మనవాళ్ళెవరూ కొనరు. నేను చెప్పేశాగా. ఓడ వాళ్ళు మన దగ్గర ఏమీ కొనకూడదంట, కనుక్కున్నా."

"రేపు దీవిలో దిగుతాంగా బాబాయిగారూ" అంది వదిన.

"భాష రాదు, లారీ లేదు, అక్కడెవరు కొంటారమ్మా నీ దిష్టి కుచ్చు? కాకపోతే ఏం చేస్తావో చెప్పు."

మా వారు నా కాలు తొక్కారు, నువ్వు మాట్లాడకు అని. వదిన మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. "రేపు మళ్ళీ ఓడెక్కేలోగా కాకపోతే, ఇదే బల్ల దగ్గర మీ మాటే రైటని అందరి ముందూ ఒప్పుకుంటా. ఆడదాని చెయ్యి బోణీకి పనికిరాదని నా నోటితోనే చెబుతా. అయితే?" పెద్దాయన నవ్వాడు. "అయితే నా కొట్టుకి నువ్వే బోణీ చేద్దువు గానిలే." ఎలాగూ జరగదని తెలిసినవాళ్ళు వరాలివ్వడంలో ఎంత ధారాళంగా ఉంటారో ఆ రాత్రే చూశాను.

తెల్లారేసరికి ఓడ దూరాన ఆగింది. దీవి దగ్గర లోతు లేదట, చిన్న పడవల్లో తీసుకెళ్ళి దింపారు. ఆ దీవి పేరు మేం ఒక్కొక్కరం ఒక్కో రకంగా పలికేవాళ్ళం కాబట్టి రాయడం లేదు. దిగీ దిగగానే వాన. అదేం జల్లు కాదు, బిందెలు బోర్లించినట్టు. ఆ వానలోనే వ్యానులెక్కించి దీవి చూపించడానికి బయల్దేరదీశారు. కొండల మీద రబ్బరు తోటలు, కింద కొబ్బరి, అరటి, మధ్యలో వరి. ఆకు మీద ఆకు, పచ్చ మీద పచ్చ, మట్టి కనపడితే ఒట్టు. మాతో వచ్చిన ఉత్తరాది జంటలు కిటికీలకు అతుక్కుపోయి కేరింతలు కొడుతుంటే, అన్నయ్యగారు చిన్నగా, "కంకిపాడు దాటి ఉయ్యూరు పోతుంటే కాలవ గట్టు ఇట్టానే ఉంటదిగా. ఇంతోటిదానికి ఓడెక్కాలా?" అన్నారు. ఒక మలుపులో వరిచేను కనపడగానే మా వాళ్ళు వ్యాను ఆపించారు. గైడు పిల్ల వద్దంటున్నా వినకుండా, గొడుగులు పట్టుకుని గట్టు మీద నిలబడి, నాట్లు పలచగా వేశారనీ కలుపు తియ్యలేదనీ పక్కవాడి పొలానికి చెప్పినట్టు వంకలు పెట్టారు. ఇంకాసేపుంటే మా వారు పంచె ఎగ్గట్టి, చేలోకి నీళ్ళు వదిలే మడవ సరిచేసేవారే. ఆ రోజు ప్యాంటు వేసుకున్నారు కాబట్టి ఆ రైతు బతికిపోయాడు.

వదినకు మాత్రం పచ్చదనం కళ్ళకు ఆనడం లేదు. ఒళ్ళో సంచి పెట్టుకుని డ్రైవరు వీపు వంకే చూస్తోంది. జలపాతం దగ్గర అందరూ దిగగానే అతని చేతిలో ఒక కుచ్చు పెట్టి, అద్దం చూపించింది. అతను మురిసిపోయాడు. రెండు చేతులూ జోడించి వంగి దణ్ణం పెట్టి, వెంటనే అద్దానికి కట్టేసుకుని, బదులుగా అక్కడ వేలాడుతున్న పూలదండ తీసి ఆవిడ మెళ్ళో వేశాడు. బహుమతనుకున్నాడన్నమాట. డబ్బులని చెప్పబోయిన నన్ను వదినే ఆపింది. "వద్దులేవే. అంత సంతోషంగా కట్టుకున్నాక డబ్బడిగితే బావుంటదా?" మెళ్ళో దండతో, బోణీ కాని మొహంతో వ్యానెక్కుతున్న ఆవిణ్ణి చూసి పెద్దాయన, "సన్మానం అయింది, బేరమే కాలేదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నం భోజనం పెట్టిన హోటల్లో గవ్వలమ్మే కొట్టతను కుచ్చును అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చేశాడు. ఇంకొకావిడ కుచ్చు తీసుకుని గవ్వల దండ ఇస్తానంది. మారుబేరం బోణీ కాదని వదినే తల అడ్డంగా ఊపింది. ఆ నియమం పెట్టుకున్నది ఆవిడే, మేమెవరమూ పెట్టలేదు. ఒక్క పూట సడలిస్తే ఏం పోయిందని అడిగాను. "నా ఒట్టు నేను సడలించుకుంటే ఇంకొకరెందుకు నిలబెడతారే?" అంది.

మళ్ళీ రేవుకొచ్చేసరికి సాయంత్రం. అప్పుడు వెలిసింది వాన. ఒక్కసారిగా ఎండ పడి, కొబ్బరాకులన్నీ తళతళలాడాయి. తడిసిన నేల నుంచి ఆవిరి లేస్తోంది. మమ్మల్ని ఓడకు చేర్చే చివరి పడవ సిద్ధంగా ఉంది. వదిన మొహం చూశాను. ఆవిడ కళ్ళనీళ్ళు నేను ఎరగను, అన్నయ్యగారికి దెబ్బ తగిలిననాడు కూడా చూళ్ళేదు. ఆ రోజు కనుకొలకుల్లో నిలబడ్డాయి. ఆ రేవు మెట్ల పక్కన తాటాకు గొడుగు కింద ఒక పళ్ళమ్మే ఆడమనిషి కూర్చునుంది. వదిన ఈడే ఉంటుంది. ముందు రెండు గంపల్లో ఒళ్ళంతా వెంట్రుకలున్న ఎర్రటి పళ్ళు, పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. పొద్దుట్నుంచీ వానలో ఎవరూ ఆగినట్టు లేదు. అన్నయ్యగారికి ఆకలేస్తోందని వదిన ఒక గుత్తి తీసుకుని నోటిచ్చింది.

ఆ మనిషి ఆ నోటు అందుకుని ఏం చేసిందంటే, ముందు నొసటికి తాకించుకుంది. తర్వాత ఆ నోటుతో గంపల్లో పళ్ళన్నిటి మీదా, ఒక్కదాన్ని కూడా వదలకుండా, టపటపా తట్టుకుంటూ వచ్చింది. ఏదో గొణుక్కుంది కూడా. తర్వాత దాన్ని మడిచి గంప అడుగున దాచింది. వదిన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చిట్లింది. "బోణీయే! ఇది బోణీయేనే!"

ఇక ఆవిణ్ణి ఆపేదెవరు? రేవు మెట్ల మీద చీర తడుస్తున్నా చతికిలబడి కూర్చుంది. తన సంచి తెరిచి కుచ్చులు చూపించింది. ఖాళీ అరచేతులు చూపించింది. పడమట దిగిపోతున్న సూర్యుణ్ణి చూపించింది. ఆ అరచేతుల్నే కళ్ళకద్దుకుని, ఏదీ, రాలేదే అన్నట్టు తల ఊపింది. పళ్ళమ్మి మొదట నవ్వింది. తర్వాత నవ్వాపి, వదిన మొహం వంక, సంచి వంక చూసి, అయ్యో అన్నట్టు నాలిక చప్పరించింది. వ్యాపారం చేసే ఆడదాని మొహంలో బోణీ కాని సాయంత్రం ఎలా ఉంటుందో ఆవిడకు మేం చెప్పాలా? ఒక కుచ్చు తీసి బరువు చూసింది. వెనక కట్టేసిన పడవ చూపించింది. ఆ పడవ ముక్కుకు ఎర్రవీ పచ్చవీ గుడ్డ పేలికలు, పూలదండలు చుట్టి ఉన్నాయి, అచ్చం కొత్త లారీకి పూజ చేయించినట్టు. అందులో కూర్చున్న ముసలాయన ఆవిడ భర్త కాబోలు, కానివ్వమన్నట్టు చెయ్యూపాడు. వదిన వేళ్ళు చూపించి ధర చెప్పింది. ఆవిడ అందులో సగం వేళ్ళు చూపించింది. వదిన ససేమిరా అంది.

అవతల పడవ వాళ్ళు ఈల వేస్తున్నారు. "ఇచ్చెయ్యండి వదినా, ఎంతకైతే ఏంటి?" అని అరిచాను.

"నోర్ముయ్యవే! బేరమాడకుండా ఇస్తే దానమవుద్ది!"

పెద్దాయన గొడుగు మూసి, అల్లంత దూరంలో నిలబడి కన్నార్పకుండా చూస్తున్నాడు. వదిన సంచి సర్దుకుని లేచినట్టు నటించింది. పళ్ళమ్మి పట్టించుకోనట్టు నటించింది. రెండడుగులయ్యాక పిలిచింది. మధ్యలో ఎక్కడో తెగింది బేరం. ఆవిడ గంప అడుగున దాచిన నోటు జోలికి పోలేదు, అది బోణీ డబ్బు, ఎలా ఇస్తుంది? బొడ్లోంచి వేరే నోటు తీసి వదిన చేతిలో పెట్టింది. వదిన దాన్ని కళ్ళకద్దుకుంది. తర్వాత పళ్ళమ్మి చేసినట్టే, ఆ నోటుతో సంచిలో కుచ్చులన్నిటి మీదా టపటపా తట్టింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, రేవంతా వినపడేలా నవ్వారు. ముసలాయన కుచ్చు తీసుకెళ్ళి పడవ ముక్కుకు కట్టాడు. ఆటోనగర్ ఎరుపూ నలుపూ ఆ పేలికల మధ్య ఎంత ముచ్చటగా కుదిరిందో!

అది చూసి పక్క పడవతను వచ్చాడు. అతని వెనక ఇంకొకడు. వాన రోజు, బేరాల్లేక కూర్చున్న పడవలవాళ్ళందరూ మూగారు. మా కంపెనీ మేనేజరు గడియారం చూపిస్తూ గోల. చివరికి ఎదురు కొట్టు పెద్దాయనే కేకేశాడు. "అమ్మాయ్, ఓడెళ్ళిపోద్దమ్మా! లే!"

"ఉండండి బాబాయిగారూ, గిరాకీ!" అంది వదిన, వెనక్కి కూడా తిరక్కుండా.

సంచి ఖాళీ అయ్యాకే లేచింది. మా చిన్న పడవ కదులుతుంటే, రేవు పొడుగునా పడవల ముక్కులకు మా కుచ్చులు గాలికి ఊగుతున్నాయి. పళ్ళమ్మి లేచి నిలబడి చెయ్యూపింది. వదిన వినయం తెలిసిన మనిషని నేనెప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి పట్టుచీర కట్టుకుని, ఆ నోటు పట్టుకుని, తెలుగు రాని వాళ్ళ బల్లల దగ్గరకు కూడా వెళ్ళి చూపించి వచ్చింది. స్పౌజ్ కార్డు వేసుకున్న అన్నయ్యగారు వెనకాలే నడుస్తూ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, "మా ఆవిడండి" అని చెప్పుకున్నారు. పెద్దాయన చెయ్యి కడుక్కుని వచ్చి, బల్ల దగ్గర నిలబడి, "అమ్మాయి నెగ్గింది. ఓడింది నేను" అని అందరి ముందూ అన్నాడు. తలొంచుకుని అన్లేదు, తలెత్తి అన్నాడు. అందుకే ఆయన్ని చెడ్డవాడంటే నేనొప్పుకోననేది.

తిరిగొచ్చాక ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. ఓడలో అన్న మాట ఓడలోనే ఉండిపోతుందనుకున్నాం. ఆ ఏడాది దసరాకు పెద్దాయన కొడుకు పేరున తన కొట్టు పక్కనే పెద్ద కొట్టు కట్టి, పొద్దున్నే రిబ్బను కత్తిరించాడు. వచ్చిన పెద్దమనుషులందరూ బోణీ చేద్దామని జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడితే, ఆయన అందర్నీ ఆపి, రోడ్డు దాటి వదిన కొట్టు మెట్టెక్కాడు. పొద్దుటి పూట ఆ మెట్టెక్కడం అదే మొదలు. "రామ్మా. మాటంటే మాటే. మా కొట్టుకి నీ చేత్తో బోణీ చెయ్యి." వదిన వెళ్ళి, ఆ మెరిసే కొట్టంతా కలయజూసి, ఒకే ఒక్క ఉప్పు కాగితం కొంది. రంగు వేసే ముందు లారీ రేకు నున్నగా రుద్దడానికి వాడే గరుకు కాగితం అది, కొట్లో అన్నిటికన్నా చవక సరుకు. ఆయన నోటు కళ్ళకద్దుకున్నాడు. ఆ కొట్టు ఎలా నడిచిందో ఆటోనగర్‌లో ఎవరినడిగినా చెబుతారు. మర్నాడు పొద్దున కూడా కబురొచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. చివరికి రోజూ ఆవిడ రోడ్డు దాటి వెళ్ళి ఒక ఉప్పు కాగితం కొనడం, ఆయన ఇటొచ్చి ఒక కుచ్చు కొనడం రివాజైపోయింది. పెద్దాయన స్కూటరు కుచ్చులతో ఊరేగింపు ఏనుగులా ఉండేది. వదిన ఇంట్లో అటక నిండా ఉప్పు కాగితాలే.

పెద్దాయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ కొట్లో కొడుకు కూర్చుంటాడు, అతని గల్లాపెట్టె పక్కన కూడా మాట్లాడే డబ్బా వచ్చింది. జామకాయలు పట్టుకుని మొన్న నేను ఆటోనగర్ వెళ్ళేసరికి, డెబ్భై దాటిన మా వదిన చేతికర్రతో రోడ్డు దాటుతోంది, చేతిలో నోటుతో. అటూ ఇటూ లారీలు ఆగి దారిచ్చాయి. ఆవిడ వచ్చేదాకా పెద్దాయన కొడుకు డబ్బా స్విచ్చి వెయ్యడట. మనుషుల మాటల్లో గరుకును కాలమే అరగదీస్తుందని అందరూ అంటారు. మా వదిన కాలాన్ని నమ్ముకుని కూర్చోలేదు, రోజుకొక ఉప్పు కాగితం కొనుక్కొచ్చింది.